శుభలేఖతో ఒక ఆర్ట్ జర్నల్ పేజీ: కొలాజ్, డూడుల్స్ కలిపి ఎలా చేయాలి

పెళ్లిళ్ల ముహూర్తాలు ముగిసేసరికి ప్రతి ఇంట్లోనూ టీవీ కింది అరలోనో, ఫ్రిజ్ మీదనో శుభలేఖల దొంతర ఒకటి మిగిలిపోతుంది. వాటిని పారేయడానికి మనసొప్పదు, దాచడానికి చోటు చాలదు. ఆ దొంతరలోని ఒక్క కార్డునూ, ఆ పెళ్లికి వెళ్లివచ్చిన బస్సు టికెట్టునూ, చీర పెట్టెలో వచ్చిన పల్చటి కాగితాన్నీ తీసుకొని ఆర్ట్ జర్నల్‌లో ఎదురెదురుగా ఉండే రెండు పేజీలను ఎలా తయారు చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఆర్ట్ జర్నల్ అంటే మాటలతో పాటు రంగులతో, అతికించిన కాగితాలతో, గీతలతో నింపుకొనే దినచర్య పుస్తకం. కాగితపు ముక్కలను అతికించి చిత్రంగా కూర్చడాన్ని కొలాజ్ అనీ, తోచినట్టు గీసుకొనే చిన్నచిన్న గీతల బొమ్మలను డూడుల్స్ అనీ అంటారు. ఒకే పేజీ మీద ఇన్ని రకాల సామగ్రి కలుస్తుంది కనుక దీనిని మిక్స్‌డ్ మీడియా అంటారు. బొమ్మలు వేయడం రానివారు కూడా దీనిని చక్కగా చేయగలరు. ఇందులోని పనితనమంతా ఒక పొర పూర్తిగా ఆరిన తరువాతనే మరొక పొర వేసే ఓపికలోనూ, అతికించిన ముక్కల అంచులను గీతలతో పేజీలో కలిపివేసే తీరులోనూ ఉంది.

పుస్తకం, కాగితం

నేను మొదటి పేజీని బడిపిల్లల నోటుబుక్కులో చేశాను. ఫెవికాల్ ధారాళంగా పూసి వార్తాపత్రిక ముక్కలు అతికించి, దాని మీద నీళ్లు కలిపిన రంగు వేసి, ఫ్యాను కింద పెట్టి వచ్చేసరికి ఆ పేజీ నూనెలో వేసిన అప్పడంలా లేచి కూర్చుంది. మామూలు నోటుబుక్కు కాగితం చదరపు మీటరుకు 60 నుంచి 70 గ్రాముల బరువు మాత్రమే ఉంటుంది. స్టేషనరీ దుకాణంలో దీనినే జీఎస్ఎం అంటారు. నీరు తగలగానే అందులోని నారలు ఉబ్బి సాగుతాయి, ఆరేటప్పుడు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ముడుచుకుంటాయి. అందుచేత కనీసం 150 జీఎస్ఎం ఉన్న స్కెచ్ బుక్కును ఎంచుకోండి. రంగు ఎక్కువగా వేసే అలవాటు ఉంటే 200 గాని, అంతకు మించి గాని ఉన్నది మంచిది. జిగురుతో అంటించిన బైండింగు కంటే దారంతో కుట్టిన బైండింగు మేలు, ఎందుకంటే కుట్టిన పుస్తకం బల్ల మీద బాగా పరుచుకుంటుంది, పేజీలు లావెక్కినా వెన్ను పగలదు.

ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే పాత పుస్తకాన్నే జర్నల్‌గా మార్చుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాల్లో గట్టి అట్టతో ఉన్న పాత పుస్తకాలు దొరుకుతాయి. అందులో ప్రతి మూడు పేజీలనూ ఒకటిగా అంటిస్తే ఒక మందమైన పేజీ తయారవుతుంది. ఇలా చేసేటప్పుడు మధ్యమధ్య కొన్ని పేజీలను కుట్టుకు అర అంగుళం దూరంలో కత్తిరించి తీసివేయండి. అలా తీయకపోతే, కాగితాలు అతికించేకొద్దీ పుస్తకం మూతపడకుండా నోరు తెరుచుకొని ఉంటుంది.

ఏ ముక్కలు పనికివస్తాయి

అతికించడానికి తెచ్చుకొనే ప్రతి కాగితాన్నీ ముందుగా పరీక్షించాలి. ఇప్పుడు బస్సులో కండక్టరు యంత్రం నుంచి తీసి ఇచ్చే టికెట్టు థర్మల్ కాగితం మీద వస్తుంది. అందులో సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత మాత్రమే ఉంటుంది. కొద్ది నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి, హెయిర్ డ్రయ్యరు గాలి తగిలితే టికెట్టంతా నల్లబడుతుంది. కాబట్టి టికెట్టును, దుకాణం బిల్లును తెచ్చిన రోజే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్సునే అతికించండి. జిరాక్స్, లేజర్ ప్రింటు కాగితాలపై అక్షరాలు వేడికి కరిగి అంటుకున్న పొడితో ఏర్పడతాయి కనుక తడికి చెదరవు. ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి బ్రష్షు పెడితే చాలావరకు రంగు కారిపోతుంది. ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియకపోతే ఒక మూల తడివేలితో రుద్ది చూడండి.

వార్తాపత్రిక కాగితంలో కలప నుంచి వచ్చిన లిగ్నిన్ ఉంటుంది. అది గాలికీ వెలుతురుకీ పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. పైన కనిపించే ముక్కలుగా వాడితే ఆ మార్పును ఒప్పుకోవలసిందే. నాకు మాత్రం ఆ పాతబడిన రంగు నచ్చుతుంది, అందుకే అడుగుపొరలో దానిని తరచుగా వాడుతుంటాను.

శుభలేఖ విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. కార్డు మందం 250 జీఎస్ఎం పైనే ఉంటుంది, దానిని అలాగే అతికిస్తే పేజీ మీద పలకలా నిలబడుతుంది. ఒక మూలను గోటితో రెండుగా చీల్చి, వెనుక పొరను పెన్సిలుకు చుట్టుకుంటూ నెమ్మదిగా దొర్లిస్తే చాలా కార్డులలో ముద్ర ఉన్న పైపొర పల్చగా విడివడుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కార్డయితే వెనుక వైపునే జిగురు పూయాలి. దాని ముందు వైపున రంగు గాని పెన్ను గాని నిలవాలంటే 400 నంబరు ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది మెరుపు తీయాలి. ఇక కార్డు నాలుగు మూలలా పెట్టిన పసుపు ఎండ తగిలే చోట వెలిసిపోతుంది, సున్నం వంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపే పారాణి రంగు కనుక, అలా మారినా పెళ్లి పేజీకి వచ్చిన లోటేమీ లేదు. వినాయకుడి బొమ్మ మీద కత్తెర వేయడానికి చాలామందికి చెయ్యి రాదు. ఆ భాగాన్ని చెక్కు చెదరకుండా తీసి వేరే కవరులో దాచుకొని, అంచుల లతలనూ, బంగారు గీతలనూ, ముహూర్తం రాసిన పంక్తినీ మాత్రం వాడుకోండి. చిరునామాలు, ఫోను నంబర్లు ఉన్న భాగం కూడా పేజీ మీదికి రాకపోవడమే మంచిది.

అక్షింతలు, పూలరేకులు, తమలపాకు ముక్కలు అతికించాలని అందరికీ అనిపిస్తుంది. అతికించకండి. బియ్యానికి పురుగు పడుతుంది, పచ్చి ఆకుకు బూజు పడుతుంది, వాటి వెంట పుస్తకమంతా పాడవుతుంది. అక్షింతలను తరువాత పెన్నుతో గీసుకోవచ్చు, అదే అందం.

అడుగుపూత

కాగితం రంగును నేరుగా పీల్చుకోకుండా ముందుగా ఒక తెల్లటి పూత వేస్తారు. దాని పేరు జెస్సో. అక్రిలిక్ జిగురులో సుద్ద, తెల్లరంగు కలిసి ఉండే ఈ పూత ఆరిన తరువాత కాస్త గరుకుగా ఉండి, పై పొరలను పట్టుకుంటుంది. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపిన పూత వేసి ఆరబెట్టిన తరువాతనే బొమ్మ మొదలుపెడతారు. దుకాణంలో జెస్సో దొరకకపోతే రెండు చెంచాల తెల్ల అక్రిలిక్ రంగు, ఒక చెంచా ఫెవికాల్, ఒక చెంచా వస్త్రగాళితం పట్టిన సుద్దపొడి కలిపి, గరిటజారుగా వచ్చేవరకు కొద్దికొద్దిగా నీళ్లు పోసి వాడుకోండి. ముగ్గుపిండి మాత్రం వాడవద్దు, అందులోని గరుకు రేణువులు పెన్నుల ములుకులను అరగదీస్తాయి.

వెడల్పాటి బ్రష్షుతో ఒక పూత అడ్డంగా వేసి, ఆరనిచ్చి, రెండవ పూత నిలువుగా వేయండి. కింది పేజీలకు అంటకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కాగితం పెట్టుకోవాలి. ఎండ బాగా ఉన్న రోజున ఈ పూత అరగంటలో ఆరుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్ర తీరపు ఊళ్లలో, రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కర లేదు. అరచేతి వెనుక భాగాన్ని పేజీకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

రంగు

రెండు పేజీలకూ కలిపి రెండు రంగులు, వాటితో పాటు తెలుపు సరిపోతాయి. మన పెళ్లి పేజీకి పసుపును, ముదురు ఎరుపును తీసుకుందాం. మూడో రంగుగా ఆకుపచ్చను చేర్చాలనిపిస్తే దానిని చిన్న ముక్కలకే పరిమితం చేయండి. ఎరుపునూ ఆకుపచ్చనూ తడిమీద కలిపితే మట్టిరంగు వస్తుంది.

పోస్టర్ కలరుకూ అక్రిలిక్ రంగుకూ ఉన్న తేడా ఇక్కడ తెలుసుకోవాలి. పోస్టర్ కలరు ఆరిన తరువాత కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది, అందువల్ల దాని మీద జిగురు పూసినా, మరో రంగు వేసినా కింది రంగు కదిలి పైకి వస్తుంది. అక్రిలిక్ ఒకసారి ఆరితే ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది, దాని మీద ఎన్ని పొరలైనా వేయవచ్చు. అతికింపు పని ఉన్న పేజీకి అక్రిలిక్కే సరైనది. మైనపు క్రేయాన్లు, ఆయిల్ పాస్టెల్స్ మీద తడి రంగు గాని జిగురు గాని నిలవదు కనుక, వాటిని వాడదలిస్తే అన్ని పనులూ అయిన తరువాతనే వాడాలి.

బ్రష్షుతో నున్నగా పూయడం కంటే పాత ఏటీఎం కార్డు అంచుతో రంగును గీకినట్టు లాగితే పేజీ మీద ఎండకు వెలిసిన గోడలా ఎగుడుదిగుడు వర్ణం వస్తుంది, అది కొలాజ్‌కు ఎంతో అనువైన నేపథ్యం. అది ఆరాక వంటింట్లోకి వెళ్లండి. అడ్డంగా కోసిన బెండకాయ ముక్కను పల్చటి రంగులో అద్ది ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. పాత గాజు అంచును రంగులో ముంచి అద్దితే చక్కటి వలయం వస్తుంది. కూరగాయ ముక్కను ముందుగా గుడ్డతో ఒత్తి తడి తీసేయకపోతే అచ్చు పాకిపోతుందని గుర్తుంచుకోండి. ఈ అచ్చులు పేజీ అంతటా వేయకుండా, ఒక మూల నుంచి ఎదురు మూల వైపు పలచబడుతూ వెళ్లేలా వేస్తే తరువాత ముక్కలు అమర్చడానికి ఒక దారి కనిపిస్తుంది.

చింపడం, కత్తిరించడం, పేర్చడం

కత్తెర అంచు పదునుగా, చింపిన అంచు మెత్తగా కనిపిస్తాయి, పేజీలో రెండూ ఉండాలి. ముద్రించిన కాగితాన్ని ఒక సగం మీ వైపు లాగుతూ చింపితే ఒక ముక్కకు తెల్లటి అంచు మిగులుతుంది, రెండవ ముక్కకు మిగలదు. వార్తాపత్రికను ఒక దిశలో చింపితే తిన్నగా చిరుగుతుంది, దానికి అడ్డంగా చింపితే వంకరలు పోతుంది, ఎందుకంటే యంత్రం మీద తయారైన కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకొని ఉంటాయి. చేతితో చేసిన కాగితాన్ని చింపాలంటే, చింపదలచిన గీత వెంట తడి బ్రష్షుతో రాసి ఒక నిమిషం ఆగి లాగండి.

ఇప్పుడు జిగురు ముట్టుకోకుండా ముక్కలన్నీ పేజీ మీద పేర్చి చూడాలి. పెద్ద ముక్క ఒకటి, మధ్యరకం రెండు, చిన్నవి నాలుగైదు ఉంటే చాలు. పెద్దదానిని, అంటే మన శుభలేఖ పొరను, నట్టనడుమ పెట్టకండి, ఎడమ పేజీలో కింది భాగానికి జరిపి, దాని మీద సగం ఎక్కేలా టికెట్టు జిరాక్సును వాలుగా ఉంచండి. చీర పెట్టెలోని పల్చటి కాగితాన్ని రెండు పేజీల మధ్య మడతను దాటేలా పరిస్తే అవి రెండూ ఒకే చిత్రంగా కనిపిస్తాయి. కుడి పేజీలో అరచేయి పట్టేంత చోటు ఖాళీగా వదిలివేయండి, అక్కడే మీరు రాయవలసింది ఉంటుంది. మొదటిసారి చేసేవారు ఎక్కువగా ఈ ఖాళీ దగ్గరే ఓడిపోతారు, తెచ్చిన ముక్కలన్నీ ఇరికించాలని చూస్తారు. అమరిక కుదిరిందనిపించగానే ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. జిగురు రాయడానికి ముక్కలు తీసిన తరువాత ఏది ఎక్కడ ఉందో ఎవరికీ గుర్తుండదు.

అతికించడం

మూడు పాళ్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలిపితే బ్రష్షుకు అనువైన చిక్కదనం వస్తుంది. పల్చటి కాగితాలకు గ్లూ స్టిక్ చాలు గాని, మందపాటి ముక్కలకు వాడితే కొన్నాళ్లకు అంచులు లేస్తాయి. సెల్లోటేపు పసుపురంగుకు తిరిగి, అంటు వదిలి, మరకను మిగిల్చిపోతుంది కనుక దాని జోలికి వెళ్లవద్దు. పూర్వం బైండింగు పనివారు మైదాను ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసుకొనేవారు. ఆ జిగురుతో కాగితం చక్కగా అతుకుతుంది, అయితే మైలుతుత్తం విషపదార్థం, పిల్లలున్న ఇంట్లో దానిని కలపకుండా ఆ పూటకు కావలసినంత మైదా జిగురే చేసుకోవడం ఉత్తమం.

జిగురును ముక్క వెనుకనూ, పేజీ మీద అది కూర్చొనే చోటనూ రెండు వైపులా పల్చగా పూయండి. జిగురు పూసిన కాగితం సాగుతుంది, కాబట్టి పూసిన వెంటనే అతికిస్తే పేజీ మీద సాగి ముడతలు పడుతుంది. అర నిమిషం ఆగి, సాగడం పూర్తయ్యాక అతికిస్తే ఆరేటప్పుడు బిగిసి నున్నగా నిలుస్తుంది. ముక్కను నడిమి నుంచి ఆనించి, పైన ఒక శుభ్రమైన కాగితం వేసి, ఏటీఎం కార్డుతో నడుమ నుంచి అంచుల వైపుకు నొక్కుతూ గాలినీ, ఎక్కువైన జిగురునూ బయటికి తోయండి. బుడగ మిగిలితే సూదితో గుచ్చి అదమండి. చీర పెట్టె కాగితం వంటి అతి పల్చటిదానికి వెనుక జిగురు పూస్తే చేతిలోనే చిరుగుతుంది, అందుకని పేజీకి జిగురు పూసి దాని మీద కాగితాన్ని వదిలి, పొడి బ్రష్షుతో సర్దండి.

ఒకవైపే అతికించిన పేజీ ఆరేటప్పుడు ఆ వైపుకే వంగుతుంది. దాని వెనుక పేజీకి కూడా ఏదో ఒక కాగితం అతికిస్తే లాగుడు రెండు వైపులా సమానమై పేజీ నిటారుగా ఉంటుంది. తడి పైకి తెలియకుండా పోయిన తరువాత బట్టర్ పేపరు వేసి, పుస్తకం మూసి, రాత్రంతా బరువు కింద పెట్టండి. తొందరకు హెయిర్ డ్రయ్యరు వాడితే చల్లటి గాలి పెట్టండి, వేడి గాలికి ఫెవికాల్ బుడగలు కక్కుతుంది.

డూడుల్స్

మర్నాడు పుస్తకం తెరిచేసరికి ముక్కలన్నీ గట్టిగా అతుక్కొని ఉంటాయి గాని, చూడటానికి నోటీసు బోర్డు మీద గుచ్చిన కాగితాల్లా ఎవరికి వారుగా కనిపిస్తాయి. వాటిని కలిపేది పెన్ను గీత. 1912లో బ్రాక్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కలప గీతలు ముద్రించిన గోడకాగితాన్ని అతికించి దానితో పాటు బొగ్గుతో బొమ్మ గీసినప్పుడు, గీతలను ఆ కాగితం అంచు దగ్గర ఆపకుండా దాని మీదుగా సాగనిచ్చాడు. కొలాజ్ చేసేవారందరూ నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే అని నా అభిప్రాయం. గీత ముక్క మీద పుట్టి పేజీ మీదికి దిగాలి, లేదా పేజీ మీద పుట్టి ముక్క మీదికి ఎక్కాలి.

ఎలా గీయాలో తోచకపోతే మనకు చేతికి అందేంత దూరంలోనే నమూనాలు ఉన్నాయి. శుభలేఖ అంచున ఉన్న లత ఎక్కడ తెగిపోయిందో చూసి, ఆ తెగిన చోటు నుంచి మీ పెన్నుతో ఆ లతను కొనసాగించండి. ఆకులు అచ్చులోని వాటిలా రాకపోయినా ఫరవాలేదు, అచ్చు చేతిగీతగా మారే ఆ చోటే పేజీలో కన్ను ఎక్కువసేపు ఆగుతుంది. టికెట్టు చుట్టూ చుక్కలు పెట్టి మెలికల ముగ్గు గీతను వాటి మధ్యగా నడిపించండి. చుక్కలు ఉన్నాయి కనుక చెయ్యి దారి తప్పదు. మామిడాకుల తోరణం, మల్లెమొగ్గల దండ, పోచంపల్లి ఇక్కత్ చీరలోని మెట్లుమెట్లుగా ఉండే అంచు ఇవన్నీ ఒకే చిన్న ఆకారాన్ని వరుసగా వేసుకుంటూ పోతే వచ్చేవే.

తెలుగు లిపి కూడా మంచి డూడుల్ గని. తలకట్టును ఒక వరుసలో చిన్నదిగా, పెద్దదిగా మార్చుతూ రాసుకుంటూ పోతే ఎగిరే పిట్టల గుంపు కనిపిస్తుంది. ‘ఠ’ అక్షరాన్ని పక్కపక్కన రాస్తే కళ్ల వరుస అవుతుంది. సున్నాలను ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యమధ్య ఒకటి రెండు నల్లగా నింపితే చాలు, ఒక అంచు తయారు. బియ్యపు గింజ ఆకారాన్ని పసుపు రంగు మీద అటూ ఇటూ చల్లినట్టు గీస్తే, అతికించవద్దన్న అక్షింతలు ఇలా పేజీలోకి వస్తాయి. అవి పేజీ పైభాగంలో దట్టంగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా ఉండాలి, నిజంగా పైనుంచి పడుతున్నట్టు.

పెన్నుల ఎంపికలో తడి పరీక్ష తప్పనిసరి. చిత్తు కాగితం మీద గీత గీసి, పది నిమిషాల తరువాత తడివేలితో రుద్దండి. చెదరని పెన్నునే రంగులతో కలిపి వాడాలి. పిగ్మెంట్ సిరా, అంటే నీటిలో కరగని రంగుపొడితో చేసిన సిరా, ఉన్న సన్నని పెన్నులు, అక్రిలిక్ మార్కర్లు ఈ పరీక్షలో నెగ్గుతాయి. చాలా జెల్ పెన్నులు నెగ్గవు, కాబట్టి వాటిని చిట్టచివర, తడి పనులన్నీ ముగిశాకే తీయండి. ముదురు ఎరుపు మీద తెల్ల జెల్ పెన్నుతో పెట్టిన చుక్కలకు సాటి వచ్చేది మరొకటి లేదు. అక్రిలిక్ మీద గీస్తున్నప్పుడు పెన్ను మొరాయిస్తే ములుకులో రంగు ఇరుక్కున్నట్టు, చిత్తు కాగితం మీద కొన్ని సున్నాలు చుట్టి మళ్లీ మొదలుపెట్టండి.

రాయడం, భద్రపరచడం

ఖాళీగా వదిలిన చోట తేదీ, ఊరు, ఎవరి పెళ్లి అన్నవి ముందు రాసి, ఆ తరువాత ఫోటోలలో ఎక్కడా దొరకని ఒక విషయం రాయండి. విస్తరిలో ముందుగా వడ్డించిన స్వీటు ఏమిటో, తలంబ్రాల వేళ కరెంటు పోయిందో, బస్సులో పక్క సీటు ఆవిడ ఏమని పలకరించిందో రాయవచ్చు. ఇతరులు చదవకూడదనుకొనేది ఉంటే, శుభలేఖ పొరను మూడు వైపులే అతికించి జేబులా ఉంచి, చీటీ మీద రాసి అందులో దోపండి.

పూర్తయిన పేజీకి పైపూతగా ఫెవికాల్ వేసే అలవాటు కొందరికి ఉంది. నేను దానికి ఒప్పుకోను. ఆ జిగురు ఆరిన తరువాత కూడా వేడికి మెత్తబడుతుంది, రెంటచింతల, రామగుండం ఎండల్లో అలాంటి పేజీలు రెండు ఎదురెదురుగా అంటుకుంటే విడదీయడం అసాధ్యం. పైపూత కావాలంటే మెరుపు లేని అక్రిలిక్ వార్నిషును పల్చగా వేసి, రెండు రోజులు తెరిచి ఉంచి ఆరనివ్వండి. వార్నిషు వేసినా వేయకపోయినా పేజీల మధ్య బట్టర్ పేపరు ముక్క ఉంచడం మరవవద్దు. పుస్తకాన్ని వేసవిలో అడ్డంగా పడుకోబెట్టి, మీద బరువు పెట్టడం మాని, నిలువుగా నిలబెట్టండి.

పని ముగిసేసరికి బ్రష్షులోనూ, పళ్లెంలోనూ కొంత పసుపు, కొంత ఎరుపు మిగిలి ఉంటాయి. వాటిని కడిగి పారబోయకుండా రెండు పేజీలు అవతలికి తిప్పి, అక్కడి తెల్ల కాగితం మీద బ్రష్షును అడ్డదిడ్డంగా తుడిచి ఆరబెట్టండి. మళ్లీ కూర్చున్నప్పుడు నేపథ్యం సగం సిద్ధంగా ఉంటుంది.